కొండ దిగేదాకా

మా వియ్యపురాలు పోయిన కబురు నాకు ఫోన్లో వచ్చింది. చెప్పినావిడ వాళ్ళ వీధిలో మనిషి. "అమ్మా, పొన్నూరేనా? మీ... మీ..." అంటూ ఆగిపోయింది. చావు కబురు చెప్పేటప్పుడు ఎవరైనా తడబడతారు. ఆవిడ తడబడింది మాత్రం చావు దగ్గర కాదు, వరస దగ్గర. పోయిన మనిషి నాకేమవుతుందో ఆవిడకి తోచలేదు. చివరికి గొంతు సవరించుకుని, "మీకు కావలసినావిడ పోయిందండీ, తెల్లారుజామున" అంది. ఉద్యోగమంతా పిల్లల జవాబులు దిద్దుతూ గడిపిన దాన్ని. ఇంతకంటే సరైన జవాబు నేనూ రాయలేను.

చదివేవాళ్ళకి ముందుగా వరసలు చెప్పడం మర్యాద. ఆవిడ మా అల్లుడి తల్లి. ఆ అల్లుడు ఇప్పుడు అల్లుడు కాదు. మా అమ్మాయి, అతనూ కోర్టులో విడిపోయి కొన్నేళ్ళయింది. కాబట్టి చట్టం ప్రకారం ఆవిడ నాకెవరూ కాదు. ఎవరూ కాని మనిషి పోతే నాలుగు రోజులపాటు నాకు అన్నం ఎందుకు సయించలేదో చట్టం రాసినవాళ్ళే చెప్పాలి.

ఆవిడది కనిగిరి అవతల మెట్ట పల్లె. మిరప, కంది, పొగాకు, మిగిలినచోట రాళ్ళు. అక్కడి ఫ్లోరైడు బోరునీళ్ళు తాగి తాగి ఆవిడ మోకాళ్ళు వంగడం మానేసి చాలాకాలమైంది. కూర్చుంటే లేవదీయాలి, లేస్తే కూర్చోబెట్టాలి. మాది కాలవ పారే ఊరు. పెళ్ళిచూపుల నాడే నన్ను ఎగాదిగా చూసి, "మాగాణోళ్ళు గదా, మీకు నీళ్ళంటే లెక్కుండదు. మా ఇంటికొచ్చి చెంబు బోర్లిస్తే మాత్రం ఊరుకోను వదినా" అంది.

"మీ ఇంట్లో చెంబంటూ కనపడితే గదా వదినా బోర్లించడానికి" అన్నాను.

పక్కన మా ఆయన దగ్గారు. ఆవిడ మాత్రం పగలబడి నవ్వి, సాసర్లో పోసుకున్న టీ కాస్తా చీర మీద ఒలకబోసుకుంది. మా సంబంధం ఖాయమైంది అప్పుడే. పిల్లలది ఆ తర్వాత.

వియ్యపురాళ్ళు అలాగే మాట్లాడుకోవాలి. మరీ మర్యాదగా మాట్లాడుకుంటున్నారంటే లోపల ఏదో పుండు ఉన్నట్టు. మా మధ్య పుండు ఎప్పుడూ లేదు. ఫోన్ చేస్తే చేనుకి ఈ గట్టున నిలబడి ఆ గట్టుకి కేకేసినట్టు మాట్లాడేది. నేను ఫోన్ని చెవికి బెత్తెడు దూరంలో పట్టుకుని, మధ్యమధ్య "ఫోన్ అక్కర్లేదు వదినా, వినపడుతోంది" అనేదాన్ని. ఏటా కల్లంలో కాయ ఎండగానే మాకు మిరపకాయలు పంపేది. ఎప్పుడూ తొడిమలతోనే. "తీసి పంపొచ్చుగా, మాకు చేతులు మండుతున్నాయి" అంటే, "తొడిమ ఊడిన కాయ నిలవుండదు వదినా. మీ చేతులు మండితే మండినయ్యిలే, మాగాణి చేతులు" అనేది. నేను మా కొత్త బియ్యం బస్తా పంపేదాన్ని. దాంట్లో రాయి ఏరి, అది దొరికిన సంగతి ఫోన్లో చెప్పేది.

మా అమ్మాయి, అల్లుడు అండమాన్లో ఉండేవాళ్ళు, రాజధాని ఊళ్ళో. పోర్ట్ బ్లెయిర్ అనేవాళ్ళు, ఇప్పుడు వేరే పేరు పెట్టారు. నాకు పాత పేరే నోటికొస్తుంది. అతను ఓడరేవు పనుల్లో ఇంజనీరు. మా అమ్మాయి అక్కడే బళ్ళో టీచరు. నేను సోషల్ పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలచేత బంగాళాఖాతంలో ఆ ఊరి చుక్క పెట్టించేదాన్ని. చుక్క పక్కకి జరిగితే అర మార్కు కోసేదాన్ని. ఆ చుక్కలోనే నా కూతురి కాపురం మునుగుతుందని అప్పుడేం తెలుసు.

తప్పెవరిదని అడక్కండి. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఆ దుఃఖాన్ని ఇద్దరూ చెరో గదిలోకి తీసుకెళ్ళి తలుపేసుకున్నారు. ఆ తలుపులు మళ్ళీ తెరుచుకోలేదు. ఒకరోజు మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, మేం విడిపోదామనుకుంటున్నాం" అంది, బస్సు తప్పిపోయిందన్నంత మామూలుగా.

నేను కొంగు బిగించి వియ్యపురాలికి ఫోన్ చేశాను. మా వైపు పద్ధతి అదే. ముందు రెండు వైపులవాళ్ళూ గొంతులు పోయేదాకా అరుచుకోవాలి, తర్వాత పెద్దమనుషులు కూర్చోవాలి. నేను నోరు తెరవకముందే ఆవిడ అంది:

"వదినా, మీకు పోట్లాడే ఓపికుందా?"

"ఉంది."

"నాకు లేదు. అందుకని పోట్లాట మానేసి ఓడలూరికి పోదాం పదండి. ఇద్దర్నీ ఒక్క బండిలో కూచోబెడదాం."

"కూచోబెడితే?"

"మా నాన్న ఎద్దుల్ని జతకట్టేవాడు వదినా. పొడుచుకునే ఎద్దుల్ని ఎడంగా కట్టేస్తే పగ పెరుగుద్ది. ఒక కాడి కింద పెట్టి చేలోకి తోలాల. సాలు తప్పకుండా నడవాలంటే దాని అడుగు ఇదీ, దీని అడుగు అదీ చూసుకోవాల్సిందే గదా. పొద్దుగూకే సరికి ఒకే తొట్లో మూతి పెడతాయి."

"వాళ్ళు ఎద్దులు కారు వదినా. ఒకరు ఎంటెక్కు, ఒకరు ఎమ్మెస్సీ."

"అయితే ఇంకా మొండిగా ఉంటారు. పెద్ద కాడే కావాల."

ఆ కాడి పేరు సైట్‌సీయింగ్. ఊరు చూడాలని ముసలాళ్ళకి కోరిక పుట్టిందని పిల్లలకి చెప్పాం. అంతకుముందు ఆవిడ చూసిన అతి పెద్ద ఊరు ఒంగోలు.

మద్రాసు విమానాశ్రయంలో ఆవిడ చేతిసంచిలోని గోంగూర పచ్చడి ఆపేశారు. "ఏమంటన్నాడు?" అని నన్నడిగింది. "పేలుతుందేమోనని భయపడుతున్నాడు" అన్నాను. "తింటే పేలుద్దిగానీ మోస్తే పేలదని చెప్పండి" అంది. చెప్పాను. అయినా ఉంచేసుకున్నాడు. విమానం కదిలేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, దిగేదాకా వదల్లేదు. భయమా అంటే, "మీకు భయమేస్తదేమోనని" అంది.

పిల్లల ఇల్లు శుభ్రంగా ఉంది, చూస్తే దిగులు పుట్టేంత. ఆవిడ నీళ్ళకోసం ఫ్రిజ్ తలుపు తీసింది. లోపల రెండు పెరుగు గిన్నెలున్నాయి, పై అరలో ఒకటి, కింది అరలో ఒకటి. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఎవరి పెరుగు వాళ్ళు తోడుపెట్టుకుంటున్నారు. ఆవిడ నీళ్ళు తీసుకోకుండానే తలుపు మూసేసింది. వెనక్కి తిరిగి నావైపు చూసినప్పుడు ఆ మొహంలో మొదటిసారి పరిహాసం లేదు. "చాలా దూరం పోయింది వదినా" అంది, గొంతు తగ్గించి. ఆవిడ గొంతు తగ్గించగలదని నాకు అప్పటిదాకా తెలియదు.

మర్నాటి నుంచీ మొదలైంది మా సేద్యం. కారు అల్లుడే నడిపేవాడు. మా అమ్మాయిని ముందు సీట్లో కూర్చోబెట్టాలన్నది మా కుట్ర. అందుకని తలుపు తీయగానే మేమిద్దరం వెనక సీటుకోసం పోటీపడేవాళ్ళం. వంగని మోకాళ్ళతో కూడా ఆవిడే ముందు చేరేది. మా అమ్మాయి ఒక క్షణం నిలబడి, ముందు తలుపు తీసి, కిటికీకి అంటుకుని కూర్చునేది.

ఆ ఊళ్ళో చదునుగా ఉన్నది సముద్రం ఒక్కటే. వీధులు ఎక్కుతాయి, దిగుతాయి, మలుపు తిరిగితే ఓడలు. ఒక కొండ మీది ఇళ్ళు ఇంకో కొండ మీది ఇళ్ళ నెత్తిన కూర్చున్నట్టుంటాయి. "బిందె నిమ్మళంగా దించుకునే చోటు లేదే ఈ ఊళ్ళో" అంది మా వియ్యపురాలు. ఎండాకాలంలో కుళాయి రోజూ రాదని అల్లుడు చెబితే నివ్వెరపోయింది. "చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకుని మా బతుకే బతకతన్నారా నాయనా!" అతను నవ్వాడు. వెంటనే ఆవిడ మోచేత్తో నన్ను పొడిచింది. నవ్విన సంగతి నేను గమనించానో లేదోనని.

మొదట తెల్లవాళ్ళ కాలం నాటి జైలుకి వెళ్ళాం. ఆ ఊరికి వెళ్ళినవాళ్ళు అది చూడకుండా రారు. పెద్ద చక్రానికి ఆకుల్లాగా బారులు బారులుగా గదులు. ఒక బారు గదుల ముఖం ఎదురుబారు వీపువైపు ఉండేలా కట్టారు, ఖైదీలు ఒకరినొకరు చూసుకోకుండా. ఆ సంగతి గైడు హిందీలో చెబితే నేను తెలుగులో చెప్పాను. ఆవిడ ఒక గది గుమ్మంలో ఊచలు పట్టుకుని చాలాసేపు నిలబడింది. పిల్లలిద్దరూ వరండా ఆ చివరొకరు, ఈ చివరొకరు.

"పక్కపక్కనే ఉంచి, మొహాలు కనపడకుండా కట్టారా?" అంది. "తెల్లోడు చచ్చినా వాడి మేస్త్రీ చావలేదు వదినా. మావాడి ఇల్లూ ఇట్టాగే కట్టాడు."

నేను వరండా రెండు చివర్లవైపూ చూశాను.

ఊరికెదురుగా ఉన్న చిన్న దీవికి పడవ మీద వెళ్ళాం. పాడుబడిన బంగళాలు, వాటి గోడల్ని చుట్టేసిన వేళ్ళు, మనుషుల్ని చూసి బెదరని జింకలు. వాటి సంగతి సరే, ఆవిడకి నీళ్ళంటే ప్రాణభయం. పడవ ఊగినప్పుడల్లా కొడుకు చెయ్యి ఒక చేత్తో, కోడలి చెయ్యి ఒక చేత్తో పట్టుకుని, రెండూ తన ఒళ్ళోకి లాక్కునేది. భయం సగం, బేరం సగం. ఒళ్ళో ఆ రెండు చేతులూ ఒకదాని పక్కన ఒకటి, రెండు చచ్చిన చేపల్లాగా పడి ఉండేవి. అతను అటు సముద్రం చూసేవాడు, మా అమ్మాయి ఇటు సముద్రం చూసేది.

ఒక్కసారి మాత్రం మాకు ఆశ పుట్టింది. ఇసుక ఒడ్డున పిల్లలిద్దర్నీ కొబ్బరిబోండాలకి పంపి, మేం కూర్చున్నాం. వాళ్ళ మధ్య ఎడ్లబండి పట్టేంత జాగా ఉంది. "ఒకే వైపుకైనా నడుస్తున్నారు" అన్నాను. "మీకు మార్కులు ఎయ్యడం బాగా అలవాటు వదినా" అందావిడ. అంతలో ఒక అల మేం అనుకున్నదానికంటే ఎక్కువ దూరం వచ్చింది. ఆవిడ లేవలేదు, నేను లేవదీయలేను. ఇద్దరం నడుందాకా తడిసి, ఒకరినొకరం తిట్టుకుంటూ, ఇసుకలో కూలబడి ఉంటే పిల్లలు పరిగెత్తుకొచ్చారు. మమ్మల్ని చూసి అతను నవ్వాడు, మా అమ్మాయి నవ్వింది. ఒకరి భుజం ఒకరు పట్టుకుని నవ్వారు. రెండు మూడు ఊపిరుల సేపు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. చేతులు తీసేసుకున్నారు.

ఆ ఊళ్ళో ఇంకో చిక్కుంది. గడియారం మనదేగానీ సూర్యుడు మనవాడు కాడు. సాయంత్రం టీ తాగే వేళకే చీకటి పడిపోతుంది. చూడ్డానికి పగలు చాలదు. పొద్దు కుంకుతుంటే ఎర్రగా అయ్యే సముద్రాన్ని అందరూ ఫోటోలు తీసుకుంటుంటే, మా వియ్యపురాలు సూర్యుణ్ణి అప్పులవాణ్ణి చూసినట్టు చూసేది. "ఈ ఊళ్ళో పొద్దు కూడా మన పక్షాన లేదు వదినా" అనేది.

అప్పటికి నాకొకటి అర్థమైంది. ఊళ్ళో చూడాల్సినవి ఒక్కొక్కటే అయిపోతున్నాయి. అవి అయిపోతే మేం బయల్దేరాలి. మేం బయల్దేరితే ఆ కారులో ముందు సీటు ఖాళీ అవుతుంది. ఆవిడకి నాకంటే ముందే అర్థమైంది. రోజూ రాత్రి అన్నాల దగ్గర కొడుకుని అడిగేది: "ఇంకేమన్నా చూసేది ఉందా నాయనా?"

చేపల మ్యూజియం చూశాం. మాకు చేపల్ని తినే అలవాటుందిగానీ పలకరించే అలవాటు లేదు. ఆవిడ మాత్రం ఒక్కో అద్దం ముందూ ఆగి, "ఇదేంది? అదేంది?" అని కోడల్ని అడిగేది, కోడలికి తెలియనిది కొడుకుని చెప్పమనేది. రంపపు మిల్లు చూశాం. చూసిన బజారే మళ్ళీ చూశాం. "జైలు ఇంకోసారి చూద్దామా?" అని కూడా అడిగింది. మెట్లెక్కేటప్పుడు ఆగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, గోడ మీది బల్లినో, ఆకాశంలో మబ్బునో చూపించేది. ఊపిరి అందడం లేదని నాకు తెలుసు. "తిరిగెళ్దాం వదినా" అంటే కసిరింది. "మెట్లెక్కితే ఎవురికి రాదు ఆయాసం? మీరు మాగాణోళ్ళు, కాలవ గట్టెక్కితే చాలు ఆయాసపడతారు."

"ఇంకేమన్నా ఉందా నాయనా?" అని ఆవిడ మళ్ళీ అడిగిన రాత్రి అల్లుడు "ఒక్కటే ఉందమ్మా. కొండ" అన్నాడు.

పాత ఇరవై రూపాయల నోటు వెనక ఒక బొమ్మ ఉంటుంది గుర్తుందా? కొబ్బరిచెట్లు, సముద్రం, దూరంగా దీపస్తంభం. ఆ బొమ్మ కనపడేది ఆ కొండ మీది నుంచేనట. ఆ మాట వినగానే ఆవిడ రొంటిన దోపుకున్న చిన్న సంచి తీసి వెతికింది. మడతలుపడి మెత్తబడిన ఎర్రరంగు నోటు ఒకటి దొరికింది. "ఇదా? ఇన్నేళ్ళూ ఈ కొండని రొంటినే పెట్టుకు తిరిగానా?" అంది.

కారుతో సహా పడవెక్కి, అవతలి ఒడ్డున దిగి, కొండెక్కాం. కారు ఆగినచోటి నుంచి ఆ బొమ్మ కనపడే చోటికి అడవిలోంచి కాలిబాట. ఎక్కడ చూసినా వేళ్ళు, తడి ఆకులు. ఆవిడ నా భుజం పట్టుకుని, ఆగుతూ, ఆగిన ప్రతిచోటా ఒక చెట్టుని మెచ్చుకుంటూ నడిచింది.

అక్కడ నిలబడితే నిజంగానే నోటు పరిచినట్టుంది. కింద నీలంగా సముద్రం, మధ్యలోకి చొచ్చుకొచ్చిన ఆకుపచ్చటి కొస, దాని చివర దీపస్తంభం. ఇవతల రేవు, ఓడలు, కొండలమీద ఇళ్ళు. ఆవిడ నోటు ఎత్తిపట్టుకుని, ఒక కన్ను మూసి, బొమ్మనీ సముద్రాన్నీ సరిచూసింది. "సరిగ్గానే వేశాడు" అంది. తర్వాత ఆ నోటు వంక చూస్తూనే, కొడుకుని అడిగింది.

"ఇంకేమన్నా చూసేది ఉందా నాయనా?"

"లేదమ్మా. ఇంక చూసేదేం లేదు."

మా అమ్మాయి వచ్చి అత్తగారి పక్కన రాయి మీద కూర్చుంది. "అత్తయ్యా, మీరిద్దరూ ఎందుకొచ్చారో మాకు మొదటిరోజే తెలుసు" అంది. "అందుకే ఎక్కడికి రమ్మంటే అక్కడికి వచ్చాం. మాకూ ఏమన్నా అవుతుందేమోనని చూశాం. అవలేదత్తయ్యా."

మా వియ్యపురాలు కోడలి తల మీద చెయ్యి వేసింది. "బిడ్డ పోయిన్నాడు నేను రావాల్సింది" అంది. "కల్లంలో కాయుందని ఆగా. అప్పుడొచ్చి మీ ఇద్దర్నీ ఒకచోట కూచోబెట్టి ఏడిపించాల్సింది." అంతే. ఇంకెవర్నీ ఏమీ అనలేదు, బతిమాలలేదు. నేను బతిమాలుతుందేమోనని భయపడ్డాను. బతిమాలకపోతే ఇంకా భయమేసింది.

దిగడం ఎక్కడంకంటే కష్టం, వంగని మోకాళ్ళకి మరీను. అతను ఒక రెక్క పట్టుకున్నాడు, మా అమ్మాయి ఒక రెక్క పట్టుకుంది. నేను వెనక నడిచాను.

"ఆ వేరు చూసుకో."

"చూశాను. నువ్వటు పట్టుకో, ఇక్కడ జారుతోంది."

"ఆగు, ముందు నేను దిగుతాను. అమ్మా, నా భుజం మీద చెయ్యెయ్యి."

"అత్తయ్యా, కుడికాలు ముందు."

ఎన్నో నెలల తర్వాత వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడటం నేను విన్నాను. అతన్ని చూసి మా అమ్మాయి అడుగు వేసింది, మా అమ్మాయిని చూసి అతను అడుగు వేశాడు. ఆవిడ చెప్పిన కాడి సరిగ్గా అదే. చేను మాత్రం అయిపోయింది. కారు దగ్గరికి రాగానే ఇద్దరూ చేతులు వదిలేశారు. మా అమ్మాయి వెనక తలుపు తీసి నా పక్కన కూర్చుంది. ఆవిడ ముందు సీట్లో, కొడుకు పక్కన.

తిరుగు పడవలో కమ్మీ దగ్గర నిలబడ్డప్పుడు నాతో అంది: "కొండ దిగేదాకా కాపురం చేశారు వదినా. నేను కళ్ళారా చూశా." ఆ నోటు నా చేతిలో పెట్టి, "ఉంచండి. నా దగ్గరుంటే ఖర్చు పెట్టేస్తా" అంది. ఒడ్డు చేరేదాకా అటు తిరిగే ఉంది. నేనూ ఆవిడ మొహం చూడ్డానికి ప్రయత్నించలేదు.

కోర్టు కాయితం వచ్చిన రోజు నేను ఫోన్ చేయలేదు. ఏమని పిలవాలో తెలియక. ఆవిడే చేసింది.

"వదినా, కాయితం వచ్చిందంట గదా. మీరు చదువుకున్నోళ్ళు, చూసి చెప్పండి. అందులో మన సంగతి ఏమన్నా రాశారా?"

"మన సంగతా? లేదు."

"అయితే సరే. మిరపకాయలు పంపిస్తన్నా. తొడిమలు తియ్యలా."

మా చెల్లెలు ముక్కున వేలేసుకుంది. "తెగిపోయిన సంబంధంవాళ్ళతో ఇంకా ఈ ఫోన్లేమిటక్కా?" అంది. "తెగింది వాళ్ళది. మాకు సిగ్నల్ బాగానే ఉంది" అన్నాను. అలా ఏటా మిరపకాయలు వచ్చాయి, బియ్యం వెళ్ళాయి. పిల్లలిద్దరూ చెరో ఊరికి మారారు. మళ్ళీ పెళ్ళి ఇద్దరూ చేసుకోలేదు. ఆ విషయం మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

పోయిన సంక్రాంతి దాటాక ఒకరోజు ఆవిడ గొంతు తగ్గించి మాట్లాడింది. ఫ్రిజ్ ముందు విన్న ఆ గొంతు. నేను ఫోన్ని చెవికి ఆనించుకోవాల్సి వచ్చింది.

"వదినా, నేను పోతే పెద్దకర్మ నాడు మావాడికి బట్టలు పెట్టే దిక్కుండదు."

మా వైపు ఆనవాయితీ అది. తల్లికో తండ్రికో కర్మ చేసిన కొడుకు గుండుతో, తడిబట్టతో కూర్చుంటాడు. అత్తింటివాళ్ళు కొత్త పంచె, కండువా తెచ్చి పెడతారు. నువ్వు ఒంటరివి కావు, నీ వెనక ఇంకో ఇల్లుందని నలుగురిలో చెప్పడం. ఆ బట్టలు పడ్డాకే అతను లేచి మళ్ళీ మనుషుల్లో కలుస్తాడు. ఆవిడ భయం చావు కాదు. ఆ పందిట్లో పిలిస్తే ఎవరూ లేవకపోవడం.

"మీరే ముందు పోతారని ఎవరు చెప్పారు?" అని కసిరాను. "నాకు షుగరూ బీపీ రెండూ ఉన్నాయి. మీకున్నవి ఒట్టి మోకాళ్ళేగా."

"మాగాణోళ్ళు. అన్నీ మీకే కావాల" అంది. నవ్వబోయి దగ్గింది. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు.

పెద్దకర్మకి బయల్దేరే ముందు మా అమ్మాయికి ఫోన్ చేశాను. "నేను వస్తే అందరూ అత్తయ్యని వదిలేసి నన్ను చూస్తారమ్మా. ఆ రోజు అత్తయ్యది" అంది. తర్వాత చాలాసేపు ఏడుపు. ఫోన్ పెట్టేసే ముందు అంది: "సన్నంచు పంచె తీసుకో. పెద్ద అంచు ఆయనకి నచ్చదు."

కల్లంలో కాయ ఇంకా ఎత్తలేదు. ఎర్రగా ఎండలో పరిచి ఉంది. తలపెట్టిన మనిషి లేకపోయినా కాయ ఎండుతుంది. పందిట్లో అతను పీట మీద కూర్చుని ఉన్నాడు, గుండుతో, వంగిన మెడతో. చిక్కిపోయాడు. కర్మ చేయించిన అయ్యగారు చేతులు తుడుచుకుంటూ, "అత్తింటివాళ్ళెవరన్నా ఉంటే బట్టలు పెట్టండమ్మా" అన్నారు, ఆనవాయితీగా, ఏమీ తెలియక. అందరూ నేలవైపు చూశారు. అతను మాత్రం తల ఎత్తలేదు. ఎత్తకూడదని ముందే నిర్ణయించుకుని వచ్చినట్టున్నాడు.

నేను సంచి తీసుకుని లేచాను.

అతని పెదనాన్న అడ్డొచ్చారు. పెద్దమనిషి, మంచివారే. "అమ్మా, మీరంటే మాకు గౌరవమే. కానీ ఏ వరసన పెడతారు? నలుగురూ ఏమనుకుంటారు?"

"నలుగురూ భోజనాలయ్యాక తీరిగ్గా అనుకుంటారు, అన్నయ్యగారూ" అన్నాను. "బిడ్డ తడిబట్టతో ఉన్నాడు. మీ మరదలు నాకు అప్పజెప్పిన పని ఇది. వరస కావాలంటే ఆవిణ్ణడగండి."

ఆయన ఒక్క నిమిషం నావైపు చూసి, కండువాతో కళ్ళు ఒత్తుకుని, పక్కకి జరిగారు.

పంచె, కండువా అతని చేతుల్లో పెట్టాను. అతను నన్ను ఏ పిలుపూ పిలవలేదు. కొన్నేళ్ళుగా మా ఇద్దరికీ పిలుపు లేదు. పంచె మడత మీద బొటనవేలితో ఆ సన్నటి అంచుని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడిమాడు. ఎవరు చెప్పారని అడగలేదు. నేనూ చెప్పలేదు. బట్టల మీద పైకం పెట్టడం మామూలు. నేను పర్సులోంచి ఆ ఎర్రటి ఇరవై నోటు తీసి, బొమ్మ పైకి ఉండేలా పెట్టాను. అతను చూశాడు. కొబ్బరిచెట్లు, సముద్రం, దీపస్తంభం. అప్పుడు తల ఎత్తాడు.

కొత్త పంచె కట్టుకుని వచ్చాడు. పంచెకి జేబుండదు. భోజనాల దగ్గర బంధువులందర్నీ "ఇంకొంచెం, ఇంకొంచెం" అని అడుగుతూ, వరస వెంబడి తిరుగుతూనే ఉన్నాడు, ఎడంచెయ్యి బిగించి పట్టుకుని. నేను బస్సెక్కేటప్పుడు కల్లం గట్టు మీద నిలబడి చెయ్యెత్తాడు. ఆ పిడికిలి సందులోంచి నోటు అంచు కనపడుతోంది. వెనకాల మైదానమంతా పరిచిన మిరపకాయల ఎరుపులో ఏది కాయో ఏది ఆ కొండ నోటో తెలియనంత దూరమయ్యేదాకా చూస్తూనే ఉన్నాను.